ముందు ఇంట్లో కూర్చో, తర్వాత కొనుక్కో

అమ్మలూ,

నువ్వు ఫోనుకి పంపిన ఫొటోలన్నీ చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని మరోసారి చూశాను. తెల్లగోడలు, బూడిదరంగు సోఫా, గాజుబల్ల, సీలింగులో దాచిన లైట్లు, మూలన ఇత్తడి గంగాళంలో మొక్క. కంటికి బాగానే ఉన్నాయి. కానీ ఆ గదులు బెంగళూరులో ఉన్నా, పూణెలో ఉన్నా ఒకలాగే ఉంటాయి. మనది రామచంద్రపురం. నడుమ పైకప్పు లేని మండువా ఉన్న పెంకుటిల్లు. దాని సంగతి వేరు.

మీ నాన్న ఇల్లు నీకు అప్పజెప్పాడని తెలిసిన రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. మన చుట్టుపక్కల ఊళ్ళలో లోగిళ్ళు పడగొట్టడం, స్తంభాలూ ద్వారబంధాలూ లారీలకెక్కి వెళ్ళిపోవడం ఎన్నోసార్లు చూశాను. నువ్వూ అల్లుడుగారూ ఆ పని చెయ్యకుండా, "ఉన్న ఇంట్లోనే ఉంటాం అత్తా, పాతా కొత్తా కలిపి సర్దుకుంటాం" అన్నారు. ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. ఆ ఇంట్లో పుట్టి, పెళ్ళయి వెళ్ళేదాకా ఆ మండువా వానలో తడిసినదాన్ని. అందుకే చెబుతున్నాను, విను.

ముందు ఇంట్లో కూర్చో, తర్వాత కొనుక్కో. నా హితవంతా ఇదే. ఒక వేసవి, ఒక వానాకాలం, ఒక సంక్రాంతి ఆ ఇంట్లో గడిచాకే పెద్ద సామాను జోలికి వెళ్ళు. అప్పటిదాకా రెండు మంచాలు, నాలుగు కుర్చీలు, ఒక చాప చాలు.

ఎందుకంటావా? తాతయ్య పడక్కుర్చీ నీకు గుర్తుండే ఉంటుంది. ధనుర్మాసంలో అది ఉత్తరపు పంచలో ఉండేది. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలతాడు కదా, పదకొండయ్యేసరికి మండువాలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి సరిగ్గా ఆయన పాదాల మీద పడేది. ఉగాది వెళ్ళగానే కుర్చీ దక్షిణపు పంచకి మారేది. వేసవిలో సూర్యుడు నడినెత్తికొస్తాడు. ఎండ మండువా నడుమ పడి అక్కడే ఆగిపోతుంది, చూరు కింద పంచలన్నీ నీడే. సాయంత్రం నాలుగు దాటి సముద్రం వైపు నుంచి గాలి మళ్ళితే, అదే కుర్చీ వీధి నడవలోకి వచ్చేది. తూర్పు ముఖం ఇల్లు గనక ఆ గాలి వీధి గుమ్మంలోంచి దూరి మండువాలోంచి పైకి లేచిపోయేది. చిన్నప్పుడు నేను అదంతా తాతయ్య అలవాటనుకునేదాన్ని. ఆయన కుర్చీ వేసుకున్నది ఎండనీ గాలినీ చూసుకుని.

ఒక్కరు ఎత్తి పక్కన పెట్టగలిగిన కుర్చీ గనక అది సాగింది. ఇప్పుడు నువ్వు మెచ్చిన ఆ ఎల్ ఆకారపు సోఫా చూడు. కదపాలంటే నలుగురు కావాలి. ఒకసారి ఒక పంచలో దింపితే జనవరిలోనూ మేలోనూ అక్కడే. మండువా ఇంట్లో సామాను మనిషితో పాటు తిరగాలి. పేము కుర్చీలు, చెక్క బెంచీలు, మీద పరుపు దిండ్లు వేసుకుని కూర్చునే తేలికపాటి సోఫాలు తెచ్చుకో. కొత్త నమూనావైనా నాకు అభ్యంతరం లేదు. ఇద్దరు కలిసి ఎత్తలేని సోఫా మాత్రం ఆ గడప దాటనివ్వకు.

పాత ఇంట్లో కొత్త వస్తువు పెడితే అపచారమేమో అని ఒకసారి అడిగావు. కాదు తల్లీ. ఆ ఇల్లు కట్టిననాడు అందులో సగం కొత్తే. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాలవల నీళ్ళతో డెల్టాలో వరి పండింది, పంట మీద నాలుగు డబ్బులు కనపడ్డాయి, తాటాకు ఇళ్ళ చోట పెంకుటిళ్ళు లేచాయి. మనం బెంగుళూరు పెంకు అని పిలిచే ఆ పెంకు నిజానికి మంగళూరుది. బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో అక్కడ పెట్టిన కార్ఖానాతో మొదలైంది. అంతకుముందు మనకున్నది కుమ్మరి చేసిన గూనపెంకు. మండువా స్తంభాలు రంగం టేకువని మా తాతగారు గొప్పగా చెప్పుకునేవారు. కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడెక్కి రంగం, అంటే బర్మా, వెళ్ళి రావడం ఆ రోజుల్లో ఈ ప్రాంతానికి మామూలే. మామ్మ గుమ్మాలకి కట్టిన నరసాపురం లేసు ఉంది చూశావూ, ఆ అల్లిక కూడా 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానుల దగ్గర మన ఆడవాళ్ళు నేర్చుకున్నదే.

అంటే మన పెద్దలు కొత్తకి ఎప్పుడూ తలుపు వెయ్యలేదు. అయితే ఏది తెచ్చినా ఒక కష్టం తీరడానికే తెచ్చారు. తాటాకు అస్తమానూ మార్చాలి, నిప్పురవ్వ పడితే ఇల్లే పోతుంది. పెంకు ఆ బాధ తీర్చింది. దానికోసం మండువాని మూసెయ్యలేదు, అరుగులు తీసెయ్యలేదు. నువ్వూ ఆ లెక్కే పట్టుకో. దుకాణంలో ఏ వస్తువు మీద మనసు పడినా ఒక్క మాట అడుగు: ఇది ఈ ఇంట్లో ఏ ఇబ్బంది తీరుస్తుంది? జవాబుంటే ధైర్యంగా తెచ్చుకో. లేకపోతే నెలరోజులు ఆగు.

కొత్తగా రావలసినవాటిలో మొదటిది స్నానాలగది. మామ్మ చివరి రెండేళ్ళూ అర్ధరాత్రి లాంతరు పట్టుకుని పెరట్లోకి నడవలేక ఎంత అవస్థపడిందో నాకు తెలుసు. పాతదనం పేరు చెప్పి ఆ అవస్థని నిలబెట్టకు. పెరటి పంచ పక్కన నాలుగు గోడలూ కొత్తవి కట్టించి స్నానాలగది వేయించు. పాత సున్నం గోడని ఆసరా చేసుకోవద్దు, అందులోకి నీళ్ళ పైపు దూర్చవద్దు. నేలకి గరుకు టైలు, కమోడ్ పక్కన చేతికందే స్టీలు కడ్డీ పెట్టించు. మీ నాన్నకి డెబ్బై దాటాయి.

రెండోది కరెంటు. చెక్కబద్దీల మీద ఉన్న పాత వైరంతా తీయించెయ్. కొత్త వైరు కోసం గోడలు చెక్కి పైపులు లోపల దాచేస్తామంటారు. ఒప్పుకోకు. సున్నం గోడ జానెడు చెక్కితే మూరెడు ఊడుతుంది. దూలాల వెంట, ద్వారబంధాల వెంట పైపైనే పైపు లాగించి గోడరంగే వేయిస్తే కంటికి ఆనదు. ఎర్తింగు కొత్తగా వేయించు. మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా పెట్టించు. వానాకాలం తడికాళ్ళతో తిరిగే ఇల్లు, చిన్నపిల్లలు వచ్చిపోయే ఇల్లు. ఇక ఏసీ. పెంకు కింద ఏసీ చల్లదనం నిలవదు, సందుల్లోంచి పోతుంది. చెక్క అటక ఉన్న పడమటి గది ఒక్కదానికే ఏసీ పెట్టుకో, దానికి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు విడిగా లాగించు. మిగతా గదులకి ఫ్యాన్లు చాలు. కప్పు ఎత్తు కాబట్టి పొడుగు కడ్డీ వేయించి, రెక్కలు నేలకి ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తున ఉండేలా దింపించు. లేకపోతే గాలి పెంకుకే తగులుతుంది.

మూడోది వంటిల్లు. నుంచుని వండుకునే గట్టు, పొగ లాగే చిమ్నీ, చేతికందే అరలు అన్నీ పెట్టుకో. అయితే మన తేమ సంగతి మరిచిపోకు. రంపపు పొట్టు అదిమి చేసిన బోర్డు రెండు వానలకి ఉబ్బుతుంది. ప్లైవుడ్డే అయితే ఐఎస్ 710 ముద్ర ఉన్నది అడుగు. ఐఎస్ 303లో ఎంఆర్ రకం చవకే, నీళ్ళు తగిలే చోటికి పనికిరాదు. అరల పెట్టెలు నేలకి ఆనించకుండా స్టీలు కాళ్ళ మీద నిలబెట్టించు. చెదపుట్ట లేస్తే కిందికి వంగి చూడగానే కనపడాలి. మామ్మ రుబ్బురోలు మాత్రం పెరటి పంచలోనే ఉండనియ్యి. అట్లతద్దికీ ఆబ్దికానికీ దాని అవసరం పడుతుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. పాతికేళ్ళ కిందట మా అత్తవారింట్లో నేనూ మీ మావయ్యా ఇల్లు కొత్తగా కనపడాలని ఉబలాటపడ్డాం. సున్నం గోడల మీద సిమెంటు పూయించి, పైన మెరిసే రంగు వేయించాం. వసారాలో నల్లరాతి పలకలు పీకించి నున్నటి టైల్స్ పరిపించాం. గృహప్రవేశానికి వచ్చినట్టు చుట్టాలంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు. రెండో వానాకాలానికి గోడ అడుగున మూడడుగుల మేర పొక్కులు లేచాయి. గోటితో గీస్తే తెల్లగా ఉప్పు రాలేది. ఎన్నిసార్లు రంగు వేయించినా అంతే. చివరికి పెద్దవయసు మేస్త్రీ ఒకాయన వచ్చి, గోడ మీద అరచెయ్యి ఆనించి చెప్పాడు. సున్నం గోడ నేలలో తేమ పీల్చుకుంటుంది, ఎండ కాసినప్పుడు వదిలేస్తుంది. పైన సిమెంటు తాపడం పెడితే వదిలే దారి మూసుకుపోతుంది. లోపల చిక్కిన నీరు ఉప్పుని బయటికి తోస్తుంది. ఆ గోడలు అప్పటిదాకా వందేళ్ళు బాగున్నాయి.

టైల్స్ సంగతి అంతకన్నా బాధ. ఆషాఢంలో ఒక సాయంత్రం జల్లు కొట్టింది. మా అత్తగారు తులసికోట దగ్గర దీపం పెట్టి వస్తూ ఆ నున్నటి నేల మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆ తర్వాత ఆవిడ కర్ర లేకుండా నడవలేదు. ఒక్కరోజు కూడా నన్ను ఒక మాట అనలేదు. అందుకే అది నా మనసులోంచి పోలేదు.

కాబట్టి అమ్మలూ, గోడ మరమ్మతు సున్నంతోనే చేయించు. గుల్లసున్నం వారం తక్కువ కాకుండా నానబెట్టి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళ ఇసక కలిపి మెదాయించాలి. పూత పూశాక పైపైన ఎండిపోకుండా రోజూ తడుపుతూ ఉండాలి. ఈ పని తెలిసిన చేతులు తగ్గిపోయాయి, ఇంకా ఉన్నాయి. ఊళ్ళో గుళ్ళకి పనిచేసే పాత మేస్త్రీలని అడిగితే దారి దొరుకుతుంది. పైన వెల్లసున్నం వేసుకో. తెల్లగోడలు కావాలన్నావు కదా, దానికంటే మంచి తెలుపు లేదు. పంచల్లో నల్లరాతి నేలని కదపకు. సందులు పూడిపించి, రుద్ది కడిగించు. చాలా రోజుల తర్వాత దాని అసలు రంగు చూస్తావు.

మండువా పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ రేకు వేద్దామని అల్లుడుగారు అన్నారట. ఆయనకి నా మాటగా చెప్పు. మండువా నీళ్ళు పడడానికి ఒక్కటే కాదు. ఇంట్లో వేడెక్కిన గాలి అందులోంచే పైకి పోతుంది, ఆ చోటికి బయటి చల్లగాలి గుమ్మాల్లోంచి వస్తుంది. పైన మూత పెడితే వేడి ఇంట్లోనే తిరుగుతుంది. కోతులకీ దొంగలకీ భయమైతే ఇనప గ్రిల్లు వేయించండి, దోమలకి గదుల కిటికీలకి జల్లెడ తలుపులు పెట్టించండి. వానజల్లు పంచల్లోకి కొట్టకుండా వెదురు తడకల తెరలు దింపుకుంటే సరిపోతుంది. తప్పదంటే రేకుని చూరుకి కనీసం ఒకటిన్నర అడుగు ఎత్తున లేపి, నాలుగు వైపులా గాలి ఆడేలా పెట్టించండి. మండువా మూల తూము మాత్రం ముందు శుభ్రం చేయించండి. నీళ్ళు నిలిస్తే స్తంభం మొదలు పుచ్చుతుంది.

ఇక సామాను. వీధి తలుపుల మీద ఆకుపచ్చ రంగు ఎన్ని పొరలుందో! దాన్ని గీకడానికి గ్రైండింగు మిషను పెట్టనివ్వకు. ఆ మిషను రంగుతో పాటు చెక్కిన పువ్వునీ తినేస్తుంది. రంగు ఊడదీసే మందు పూసి, పావుగంట ఆగి, చెక్క గరిటెలాంటిదానితో నెమ్మదిగా లాగాలి. తర్వాత 120 నంబరు, ఆ పైన 220 నంబరు గరుకు కాగితంతో కర్ర చారల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దకూడదు. నేను మా ఇంట్లో ఒక కిటికీ తలుపు ఇలాగే నా చేత్తో చేశాను. మూడో రోజుకి ఆకుపచ్చ కింద తేనెరంగు బయటపడింది. దగ్గరికి ముఖం పెడితే ఇన్నేళ్ళ తర్వాత కూడా టేకు వాసన. లోపలి తలుపులకి లక్క కలిపిన స్పిరిట్ పాలిష్ వేయించు. వాన తగిలే వీధి తలుపుకి మరగబెట్టిన అవిసెనూనె పట్టించు. నూనె గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడెయ్యకు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళలో ముంచి ఆరుబయట పరచి ఆరబెట్టు.

తాతమ్మ పట్టెమంచానికి బజారులో దొరికే 78 అంగుళాల పరుపు సరిపోదు. అందుకని మంచాన్ని అటక ఎక్కించకు. కొలతిచ్చి పరుపే కోయించుకో. భోషాణం మీద టీవీ పెడతానన్నావు, వద్దు. దాని మూత పైకి లేవాలి. దుప్పట్లూ చలికాలపు రగ్గులూ అందులో దాచుకుంటే రోజూ తెరుస్తావు, పెట్టె బతికుంటుంది. టీవీకి గోడ చాలు. మన ఇంటి గంగాళంలో మొక్క పెట్టుకో, కానీ అడుగున చిల్లు పొడిపించకు. కుండీతో సహా లోపల దింపు. రేపు నీ కూతురి పెళ్ళికి ఆ గంగాళంలో నీళ్ళు తోడతారు. గోడగూళ్ళకి అద్దాల తలుపులు బిగించకు, పుస్తకాలు పెట్టుకో. చిలకకొయ్యలు పీకించకు, ల్యాప్‌టాప్ సంచీ తగిలించుకోవడానికి అంతకంటే మంచివి దొరకవు.

దీపాల విషయంలో చెయ్యి బిగబట్టు. తెల్లగా మెరిసే గొట్టం లైట్ల కింద టేకు బూడిదలా కనపడుతుంది. పెట్టె మీద 2700 నుంచి 3000 కెల్విన్ అని రాసి ఉన్న పసుపు వెలుతురు బల్బులు తీసుకో. ద్రాక్షారామం భీమేశ్వరుడి దగ్గర కింది అంతస్తులో ఆ మసక వెలుతురులో దీపం ఎంత నిండుగా ఉంటుందో చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని చూశావు. ఇంట్లోనూ అంతే. చదువుకునే చోట, కూర తరిగే చోట మంచి వెలుతురు, మిగతా చోట్ల కొంచెం నీడ ఉండనియ్యి.

పాతా కొత్తా కలపడంలో నేను నేర్చుకున్న ఒక కొలత ఉంది. ఒక గదికి ఒక పెద్ద పాత వస్తువు చాలు. ఉయ్యాలబల్ల ఉన్న చోట భోషాణం వద్దు, భోషాణం ఉన్న చోట పందిరిమంచం వద్దు. చుట్టూ ఉన్నవి సాదాగా, కొత్తగా ఉంటే ఆ ఒక్కటీ నిలబడి కనపడుతుంది. అన్నీ ఒకచోట చేరిస్తే ఇల్లు సంతలా అవుతుంది. చెన్నై పక్కన ముట్టుకాడులో దక్షిణచిత్ర అని ఉంది, 1996లో తెరిచారు. దక్షిణాది పాత ఇళ్ళని విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టారు. మన తెలుగువాళ్ళ చుట్టిల్లు కూడా ఉంది. గొప్ప పని, వీలైతే వెళ్ళి చూసి రండి. అయితే సాయంత్రం గేటు వేశాక ఆ ఇళ్ళలో పొయ్యి వెలగదు. మన ఇంట్లో వెలగాలి.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. వేరే లోగిలి పడగొట్టి తెచ్చిన స్తంభాన్నో గుమ్మాన్నో అలంకారానికి కొనకు. చెట్టినాడులో కారైక్కుడి వెళ్తే అలాంటి పాత సామాను దుకాణాలు వరసగా ఉంటాయి. చూస్తే ముచ్చటేస్తుంది, ఒక్కొక్కటీ ఏ ఇంటిదో అనిపిస్తే గుండె బరువెక్కుతుంది. కొనేవాళ్ళున్నారనే ధైర్యంతోనే అమ్మేవాళ్ళు పడగొడతారు. పాతదనం కావాలంటే మన ఇంట్లో ఉన్నది చాలు. కొత్తది కావాలంటే ఇవాళ చేతిపని చేస్తున్నవాళ్ళ దగ్గర కొను. ఇత్తడికి అజ్జరం ఉంది. లక్క సామానుకి ఏటికొప్పాక, తెరలకీ దుప్పట్లకీ పెడన కలంకారీ, చేనేతా ఉన్నాయి. మొక్కలకి కడియం ఎంత దూరమని? నువ్విచ్చే డబ్బుతో ఒక మగ్గం ఇంకో నెల ఆడుతుంది. నూరేళ్ళ తర్వాత ఎవరో ఆ దుప్పటినే పాత దుప్పటని దాచుకుంటారు.

వీధి అరుగు కారు కోసం తీయిద్దామని ఎవరో సలహా ఇచ్చారని మీ నాన్న చెప్పాడు. ఆ మాట అక్కడే ఆపెయ్. కారు పెరటి సందులో పెట్టుకోవచ్చు. ఎండలో పోయేవాళ్ళు ఒక్క నిమిషం కూర్చుని మంచినీళ్ళు అడిగే చోటు అది. మన ఇంటికి ఊళ్ళో ఉన్న మర్యాద సగం ఆ అరుగు సంపాదించిందే.

ఖర్చుకి వరస కూడా చెబుతాను, రాసి పెట్టుకో. మొదట కప్పు, తర్వాత నీళ్ళు పోయే దారి, తర్వాత కరెంటు, తర్వాత స్నానాలగదీ వంటిల్లూ, ఆ తర్వాత తలుపులూ గోడలూ. సోఫా అన్నిటికంటే చివర. 1996 నవంబరు తుపానుకి మన ఇంటి పెంకు సగం ఎగిరిపోయింది. స్తంభాలూ దూలాలూ వెంట్రుకవాసి కదల్లేదు. మీ నాన్న నెలలోపే పెంకు వేయించాడు గనక ఈవేళ నీకు సర్దుకోడానికి ఒక ఇల్లు మిగిలింది. తడవని టేకుకి ఆయుష్షు ఎక్కువ. తడుస్తూ ఆరుతూ ఉంటే అది తగ్గిపోతుంది.

రోహిణీ కార్తె వెళ్ళేలోపు పెంకు సర్దించు. పగిలినవి తీసి కొత్తవి వేయించి, పెండెబద్దలు పుచ్చిన చోట మార్పించు. మృగశిరకి మొదటి వాన పడుతుంది. ఆ వేళకి నేనూ వస్తాను. తాతయ్య పడక్కుర్చీ చట్రం అటక మీద తూర్పు మూల ఉంది, కొక్కేలు గట్టిగానే ఉన్నాయి. గుడ్డ ఒక్కటి మార్పించి కిందికి దింపించు. కొనకుండానే నీకు మొదటి కుర్చీ వచ్చింది.

ప్రేమతో,
నీ అత్త